గబ్బిలం అరుపుకి దాని చెవులే ఎందుకు పోవు?

వెన్నెల

అందరికీ నమస్కారం. ఎకోలొకేషన్ గురించి బళ్ళో చెప్పింది రెండే ముక్కలు. గబ్బిలం మనకు వినపడని శబ్దం చేస్తుంది, అది దేనికో తగిలి వెనక్కి వస్తే ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో తెలుసుకుంటుంది. సరే. కానీ కాస్త ఆలోచిస్తే చాలా సందేహాలొస్తున్నాయి.

ఒక చిన్న పురుగు నుంచి తిరిగొచ్చే శబ్దం చాలా బలహీనంగా ఉంటుంది కదా. అది వినపడాలంటే అరుపు బాగా గట్టిగా ఉండాలి. మరి అంత అరుపు పక్కనే ఉన్న దాని చెవుల్లోనే పడుతుంటే ఆ చెవులు పోవా? పోకపోయినా, అరిచిన మరుక్షణం అంత సన్నటి శబ్దం ఎలా వినపడుతుంది?

ఇంకోటి. గుహలోంచి వేల గబ్బిలాలు ఒక్కసారిగా బయటికొస్తాయి. అన్నీ అరుస్తూనే ఉంటాయి. అందులో తన ప్రతిధ్వని ఏదో ఎలా పోల్చుకుంటుంది?

గబ్బిలాలన్నీ ఇలాగే చేస్తాయా, డాల్ఫిన్లు చేసేదీ ఇదేనా అన్నది కూడా తెలుసుకోవాలనుంది. తెలిసినవాళ్ళు తీరిగ్గా రాయండి. లెక్కలున్నా పర్లేదు, చదువుతాను.

ధ్వనితరంగం

వెన్నెల గారూ, లెక్కలకు మీరే ఒప్పుకున్నారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. మీటరు దూరంలో ఉన్న వస్తువుకి వెళ్ళి రావాలంటే రెండు మీటర్లు, అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు. పది సెంటీమీటర్ల దూరమైతే 0.6 మిల్లీసెకను. గబ్బిలం చేతిలో ఉన్న టైమ్ అంతే. ఆ వ్యవధిలోనే వినాలి, అర్థం చేసుకోవాలి, రెక్క తిప్పాలి.

మనకు వినపడని శబ్దమే ఎందుకు వాడాలి? తరంగదైర్ఘ్యం కంటే వస్తువు బాగా చిన్నదైతే అల దాన్ని దాదాపు పట్టించుకోకుండా చుట్టేసుకుని పోతుంది, ప్రతిధ్వని రాదు. మనం మాట్లాడే ఫ్రీక్వెన్సీల్లో తరంగదైర్ఘ్యం పదుల సెంటీమీటర్లు. 50 కిలోహెర్ట్జ్ దగ్గర అది 7 మిల్లీమీటర్లకు దిగుతుంది, 100 దగ్గర మూడున్నర మిల్లీమీటర్లకి. పురుగు దొరకాలంటే ఆ స్థాయికి వెళ్ళక తప్పదు.

దానికి తగ్గ నష్టమూ ఉంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గాలి శబ్దాన్ని మింగేస్తుంది. 20 కిలోహెర్ట్జ్ శబ్దం మీటరుకి అర డెసిబెల్ పోగొట్టుకుంటే, 100 కిలోహెర్ట్జ్ శబ్దం దాదాపు 3 పోగొట్టుకుంటుంది. ఇది కాక, శబ్దం వెళ్ళేటప్పుడూ పలచబడుతుంది, వచ్చేటప్పుడూ పలచబడుతుంది. చిన్న వస్తువు రెట్టింపు దూరానికి జరిగితే దాని ప్రతిధ్వని తీవ్రత పదహారో వంతుకి పడిపోతుంది. అందుకే చిన్న పురుగును గబ్బిలం పసిగట్టేది కొన్ని మీటర్ల లోపలే. చీకట్లో దాని లోకం మనం ఊహించుకునే దానికంటే చాలా చిన్నది.

రాత్రిసంచారి

గబ్బిలాల సర్వేలకు వెళ్తుంటాను, చెవుల సంగతి నేను చెప్తాను.

బయట ఎగిరే చాలా జాతుల అరుపు, నోటి ముందు 10 సెంటీమీటర్ల దగ్గర కొలిస్తే 120 డెసిబెల్స్ దాటుతుంది. మన చెవికి వినపడే ఫ్రీక్వెన్సీలో ఉండుంటే పక్కన నిలబడలేం. అయితే దాని మధ్యచెవిలో చిన్న ఎముకలను పట్టుకుని ఒక కండరం ఉంటుంది. అరిచే ముందు కొన్ని మిల్లీసెకన్లలో ఆ కండరం బిగుసుకుంటుంది, లోపలికి వెళ్ళే శబ్దం తగ్గిపోతుంది. అరుపు అవగానే సడలుతుంది. ప్రతిధ్వని వచ్చేసరికి చెవి మళ్ళీ తెరుచుకుని ఉంటుంది. ఇలాంటి కండరం మనకూ ఉంది. కాకపోతే అరుపుకీ అరుపుకీ మధ్య ఇంత కచ్చితంగా బిగించి వదలడం మనవల్ల కాదు.

ఇక రెండో జాగ్రత్త, అరుపు పొడవు. 5 మిల్లీసెకన్ల పాటు అరిచిందనుకోండి. సుమారు 85 సెంటీమీటర్ల లోపల ఉన్న వస్తువు ప్రతిధ్వని ఆ అరుపు పూర్తికాకముందే వచ్చేస్తుంది, రెండూ కలిసిపోతాయి. కాబట్టి పురుగు దగ్గరయ్యేకొద్దీ అరుపును కుదించుకుంటూ పోతుంది. చివర్లో అర మిల్లీసెకనుకి కూడా తెస్తుంది.

డిటెక్టర్ పెట్టుకుని వింటే ఇదంతా స్పష్టంగా తెలుస్తుంది. ఆ పరికరం అతిధ్వనిని మన చెవికి అందే స్థాయికి దింపి వినిపిస్తుంది. గబ్బిలం ఊరికే తిరుగుతున్నప్పుడు టప్... టప్... టప్ అని సెకనుకి పది చొప్పున వినపడతాయి, ఇంచుమించు రెక్క విదిలించిన ప్రతిసారీ ఒకటి. (ఊపిరి వదలడం, రెక్క ఆడించడం, అరవడం మూడూ ఒకే కండరాల పనిలో కలిసిపోతాయి కాబట్టి ఎగిరేటప్పుడు అరుపుకి విడిగా పెద్ద ఖర్చుండదు.) పురుగు కనిపెట్టగానే ఆ టప్ టప్‌లు దగ్గరదగ్గరవుతాయి. ఆఖరి క్షణంలో విడివిడిగా వినపడవు, జుర్ర్ర్‌మని ఒకటే రొద. తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ రొదలో సెకనుకి 150కి పైగా అరుపులుంటాయి. అంత వేగంగా పనిచేసే కండరాలు దాని స్వరపేటికలో ఉన్నాయని 2011లో డాబెంటన్ గబ్బిలాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

సుధీర్

మంచి విషయాలు చెప్తున్నారు. చిన్న డౌట్. గబ్బిలాలకు కళ్ళు కనపడవు కదా, అందుకే ఈ పద్ధతి వచ్చిందా?

రాత్రిసంచారి

కనపడతాయి సుధీర్ గారూ. గుడ్డి గబ్బిలం జాతి అంటూ ఒక్కటీ లేదు. పండ్లు తినే పెద్ద గబ్బిలాలైతే పెద్ద పెద్ద కళ్ళతో, వాసనతో బతుకుతాయి. వాటిలో చాలావాటికి స్వరపేటికతో చేసే ఎకోలొకేషన్ అసలు లేదు. వాటిలో గుహల్లో ఉండే రూసెట్టస్ అనే జాతులు మాత్రం నాలుకతో టక్కు టక్కుమని శబ్దం చేసి దారి చూసుకుంటాయి. అది కూడా గొప్ప పద్ధతే. శబ్దాన్ని సూటిగా వస్తువు మీదికి వదలవు, ఒకసారి దానికి కాస్త ఎడమగా, ఒకసారి కాస్త కుడిగా వదులుతాయి. శబ్దపు ధార అంచు వస్తువు మీద పడేలా చూసుకుంటాయన్నమాట. అంచు దగ్గర తీవ్రత గబుక్కున మారుతుంది కాబట్టి వస్తువు ఏ కాస్త పక్కకు జరిగినా ఇట్టే తెలిసిపోతుంది.

మొత్తం గబ్బిలాల జాతులు 1400కి పైనే. వాటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

పాతకాగితాలు

ఈ కళ్ళ ప్రశ్న మీదే 1793లో ఇటలీలో లజ్జారో స్పాలంజానీ ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ కథ చెప్పకపోతే నాకు మనసొప్పదు.

ఆయన దగ్గర ఒక గుడ్లగూబ ఉండేది. కొవ్వొత్తి ఆరిపోతే అది గోడలకు కొట్టుకునేది. గబ్బిలాలు మాత్రం ఆ చీకట్లోనే హాయిగా తిరిగేవి. వాటి కళ్ళు తీసేసి చూశాడు (ఇప్పుడు చదువుతుంటే బాధగా ఉంటుంది), అయినా తిరిగాయి. పైనుంచి వేలాడదీసిన దారాలను కూడా తప్పించుకున్నాయి. జెనీవాలో లూయీ జ్యురీన్ అనే శస్త్రవైద్యుడు ఈ సంగతి తెలుసుకుని వాటి చెవులు మూసి చూశాడు. అప్పుడు అన్నిటికీ గుద్దుకున్నాయి. స్పాలంజానీ మొదట నమ్మలేదు. తనే మళ్ళీ చేసి చూసి ఒప్పుకున్నాడు. చెవిలో ఏదో కుక్కడం వల్ల నొప్పికి అలా చేస్తున్నాయేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి చిన్న ఇత్తడి గొట్టాలు చేయించి చెవుల్లో పెట్టాడు. గొట్టం తెరిచి ఉంటే బాగానే ఎగిరాయి. అదే గొట్టాన్ని మూస్తే గుద్దుకున్నాయి. ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం ఏముంటుంది?

అయినా ఎవరూ పట్టించుకోలేదు. నిశ్శబ్దంగా ఎగిరే జంతువు చెవులతో చూస్తుందంటే నమ్మేదెలా? అప్పట్లో మహా పేరున్న ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యువియే, ఇదంతా స్పర్శ జ్ఞానమేనని తేల్చేశాడు. ఆ మాటే వందేళ్ళకు పైగా చెల్లుబాటైంది. 1920లో హార్ట్‌రిడ్జ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, అది మనకు వినపడనంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం కావచ్చని ఊహించాడు. 1938లో హార్వర్డ్‌లో ఇంకా డిగ్రీ విద్యార్థిగా ఉన్న డొనాల్డ్ గ్రిఫిన్, భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పియర్స్ తయారుచేసిన అతిధ్వని పరికరం ముందుకు గబ్బిలాలను తీసుకెళ్ళాడు. పరికరం మోగింది. తర్వాత రాబర్ట్ గాలంబోస్‌తో కలిసి నోరు మూసీ చెవులు మూసీ చేసిన ప్రయోగాలతో విషయం తేలిపోయింది. అప్పుడు కూడా ఒక సభలో ఒక పెద్దమనిషి గాలంబోస్ భుజాలు పట్టుకుని ఊపేసి, ఇది నిజమని మీరు నిజంగా అనలేరు అన్నాడట. సోనార్, రాడార్ ఇంకా సైనిక రహస్యాలుగా ఉన్న రోజులవి. ఎకోలొకేషన్ అనే మాటను గ్రిఫిన్ 1944లో పెట్టాడు.

వెన్నెల

పాతకాగితాలు గారూ, గొట్టాల సంగతి అద్భుతం. నోరు మూసినా గుద్దుకోవడం అంటే అరుపు, చెవి రెండూ కావాలన్నమాట.

గుంపు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదండీ. నాకు అసలు పట్టుబడనిది అదే.

రాత్రిసంచారి

దానికి ఒక్క జవాబు లేదు. చాలా చిన్న చిన్న ఉపాయాలు కలిసి పని చేస్తాయి.

కొన్ని జాతులు పక్కవాడి ఫ్రీక్వెన్సీకి దగ్గరగా ఉన్నప్పుడు తమది కొంచెం పక్కకు జరుపుతాయి. కొన్ని ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువ సేపు అరుస్తాయి. గుహ ముఖద్వారం దగ్గర విపరీతంగా కిక్కిరిసినప్పుడు అరుపులు పొట్టిగా, కాస్త నెమ్మదిగా, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో ఉండేలా మార్చుకున్న జాతి కూడా ఉంది. అది మొదట వింతగా అనిపిస్తుంది కానీ అర్థముంది. ఆ సమయంలో దానికి దూరపు కొండ అక్కర్లేదు, ముందు ఎగురుతున్న గబ్బిలానికి తగలకుండా ఉంటే చాలు. దగ్గరి వస్తువు ప్రతిధ్వని ఎలాగూ బలంగానే వస్తుంది. బయటికి రాగానే చెల్లాచెదురవుతాయి, ఇబ్బంది తీరిపోతుంది.

ఒకటి రెండు ప్రతిధ్వనులు పోయినా కొంపలంటుకోవు. సెకనుకి పది, ఇరవై అరుస్తోంది కదా.

ధ్వనితరంగం

కావాలని చెడగొట్టుకోవడం కూడా ఉంది. మెక్సికన్ ఫ్రీ-టెయిల్డ్ గబ్బిలాలు ఒకే పురుగు కోసం పోటీ పడినప్పుడు, ఒకటి ఆఖరి రొదలో ఉండగా రెండోది సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీల మీద పడేలా ప్రత్యేకమైన అరుపు వదులుతుంది. మొదటిదానికి గురి తప్పుతుంది. దీన్ని 2014లో కోర్కొరన్, కానర్ అనే ఇద్దరు బయటపెట్టారు.

సుధీర్

అంటే ఫ్రీక్వెన్సీ మార్చుకోవడం వాటి చేతిలో పనే అన్నమాట. ఎంత సన్నగా మార్చగలవు?

ధ్వనితరంగం

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మొత్తం ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఇప్పటిదాకా మనం చెప్పుకున్న గబ్బిలాలు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీ నుంచి కిందికి జారే అరుపులు వాడతాయి. గుర్రపులాడం గబ్బిలాలు అలా కాదు. ఒకే ఫ్రీక్వెన్సీని పదుల మిల్లీసెకన్ల పాటు సాగదీస్తాయి. వాటిలో పెద్ద జాతిది యూరప్‌లో సుమారు 83 కిలోహెర్ట్జ్. ముక్కులోంచి అరుస్తుంది, ముక్కు మీద లాడం ఆకారంలో ఉన్న చర్మపు మడత ఆ శబ్దాన్ని ముందుకు మళ్ళిస్తుంది.

అరుపు అంత పొడవైతే ప్రతిధ్వని దానిమీదే వచ్చిపడుతుంది కదా? పడుతుంది. అందుకే అది రెండిటినీ టైమ్‌తో కాకుండా ఫ్రీక్వెన్సీతో విడదీస్తుంది. ఎగురుతూ ముందుకు వెళ్తున్నందువల్ల డాప్లర్ ప్రభావంతో ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. సెకనుకి 5 మీటర్ల వేగంతో వెళ్తుంటే సుమారు 3 శాతం, అంటే రెండున్నర కిలోహెర్ట్జ్‌కి దగ్గరగా. దాని కాక్లియాలో (లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే, నత్తగుల్ల ఆకారపు భాగం) చాలా భాగం 83 చుట్టూ ఉన్న అతి సన్నని పట్టీకే కేటాయించి ఉంటుంది. ప్రతిధ్వని అక్కడ పడితేనే పని జరుగుతుంది. అందుకని ఎగిరేటప్పుడు తన అరుపునే 80.5 దగ్గరికి దింపుతుంది, తిరిగొచ్చేది సరిగ్గా 83 అయ్యేలా. వేగం మారితే వెంటనే అరుపూ మారుతుంది. దీన్ని ష్నిట్జ్‌లర్ 1968లో ప్రచురించాడు.

ఇంత కష్టం ఎందుకంటే రెక్కల కోసం. ఆకుల మధ్య ఎగిరే పురుగు రెక్క ఆడిస్తే ప్రతిధ్వనిలో చిన్న చిన్న మెరుపులు పడతాయి, ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగుతుంది. కదలని ఆకుల నుంచి అవి రావు. 83 మీద అంత సున్నితంగా ఉన్న చెవికి ఆ ఊగులాట వెంటనే దొరుకుతుంది. చుట్టూ వెయ్యి ఆకులున్నా ఒక్క పురుగు బయటపడిపోతుంది.

అమెరికా ఖండంలోని మీసాల గబ్బిలం ఇదే పద్ధతిని వేరుగా సంపాదించుకుంది. దాన్ని లోలకం మీద పెట్టి ఊపి చూశారు. ముందుకు ఊగేటప్పుడు అరుపు దింపింది. వెనక్కి ఊగేటప్పుడు మార్చలేదు.

పచ్చపురుగు

పాపం పురుగుల వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు. అవేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదండీ.

రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే చిమ్మటల్లో చాలావాటికి చెవులున్నాయి. ఒక పెద్ద కుటుంబంలో ఒక్కో చెవిలో శబ్దం వినడానికి ఉన్న నాడీకణాలు రెండే రెండు. అవి చాలు. గబ్బిలం అరుపు సన్నగా వినపడితే, అంటే శత్రువు ఇంకా దూరంగా ఉందంటే, మొదటి కణం స్పందిస్తుంది, చిమ్మట నెమ్మదిగా పక్కకు తిరిగి వెళ్ళిపోతుంది. గట్టిగా వినపడితే రెండోది కూడా లేస్తుంది. అప్పుడు తప్పించుకోవడానికి టైమ్ లేదు కాబట్టి రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడిపోతుంది, లేదా గిరికీలు కొడుతుంది. కెనెత్ రోడర్ అనే శాస్త్రవేత్త ఈ రెండు కణాల మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు.

టైగర్ చిమ్మటలు ఎదురు శబ్దం చేస్తాయి. వాటిలో విషం ఉన్నవి నన్ను తినకు అని హెచ్చరిస్తాయి. బెర్తోల్డియా ట్రైగోనా అనేది సెకనుకి 4,500 దాకా క్లిక్కులు వదిలి గబ్బిలం లెక్కనే తారుమారు చేస్తుంది. 2009లో దీన్ని నిరూపించారు. లూనా చిమ్మటకు చెవులు లేవు, కానీ వెనక రెక్కలకు పొడవాటి మెలితిరిగిన తోకలుంటాయి. ఎగిరేటప్పుడు అవి తిరుగుతూ బలమైన ప్రతిధ్వనినిస్తాయి. 2015లో చేసిన పరిశీలనలో సగానికి పైగా దాడులు ఆ తోకల మీదికే వెళ్ళాయి. తోక పోయినా చిమ్మట బతుకుతుంది.

గబ్బిలాలు కూడా ఊరుకోలేదు. బార్బస్టెల్ అనే గబ్బిలం మిగతావాటికంటే 10 నుంచి 100 రెట్లు నెమ్మదైన అరుపుతో వేటాడుతుంది. చిమ్మటకు వినపడేసరికే అది మీదికి వచ్చేస్తుంది. నెమ్మదిగా అరవడం వల్ల దానికి దూరపు వేట దొరకదు. ఆ నష్టానికి ఒప్పుకుంటేనే ఈ లాభం.

సముద్రయానం

డాల్ఫిన్ల గురించి అడిగారు కదా. సూత్రం ఒకటే గానీ పనిముట్లన్నీ వేరు.

నీటిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1500 మీటర్లు. అదే ఫ్రీక్వెన్సీకి తరంగదైర్ఘ్యం నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది, శబ్దం మాత్రం గాలిలో కంటే చాలా దూరం పోతుంది. కాబట్టి గబ్బిలానికి మీటర్లలో ఉండే లోకం డాల్ఫిన్‌కి వంద మీటర్లు దాటుతుంది. అరుపు స్వరపేటికలోంచి రాదు. తల పైన ఊపిరి రంధ్రం కింద ఉన్న పెదవుల్లాంటి మడతలు టపటపా కొట్టుకుని క్లిక్కులు పుడతాయి. నుదుటి మీద ఉబ్బెత్తుగా కనపడే కొవ్వుముద్ద వాటిని ధారగా చేసి ముందుకు పంపుతుంది. తిరిగొచ్చే శబ్దం కింది దవడలోని కొవ్వు మీదుగా చెవికి చేరుతుంది.

1947లో ఫ్లోరిడాలో మెక్‌బ్రైడ్ అనే అక్వేరియం అధికారి, బురదనీటిలో చీకట్లో కూడా డాల్ఫిన్లు వలను ముందే తప్పించుకోవడం గమనించి నోట్సులో రాసుకున్నాడు. అవి 1956లో గానీ అచ్చవలేదు. 1960 ప్రాంతంలో నోరిస్ బృందం కాథీ అనే డాల్ఫిన్ కళ్ళకు రబ్బరు కప్పులు తగిలించి, నిలబెట్టిన గొట్టాల మధ్య నుంచి ఈదించింది. తగలకుండా ఈదింది.

చేప ఒళ్ళు దాదాపు నీటి సాంద్రతలోనే ఉంటుంది. కాబట్టి శబ్దం చాలావరకు లోపలికి దూరిపోతుంది, బలమైన ప్రతిధ్వని చేప లోపలి గాలితిత్తి నుంచి వస్తుంది. లోపల ఏముందో కూడా కొంత తెలుస్తుందన్నమాట. లోహపు గొట్టాల గోడల మందంలో పావు మిల్లీమీటరు తేడాను కూడా శిక్షణ పొందిన డాల్ఫిన్ పట్టేసింది.

కిలోమీటరు లోతున స్క్విడ్‌ల కోసం వెతికే స్పెర్మ్ తిమింగలం క్లిక్కు జంతులోకంలో తెలిసిన శబ్దాలన్నిటికంటే గట్టిది. ఇక గంగా నది డాల్ఫిన్ కంట్లో లెన్సే లేదు. వెలుతురుందా లేదా అని తెలుస్తుందేమో, అంతకంటే లేదు. ఆ బురదనీటిలో దాని బతుకంతా క్లిక్కుల మీదే.

సుధీర్

అయితే గబ్బిలం, డాల్ఫిన్ రెండూ ఏదో ఒక పాత జంతువు నుంచి ఈ విద్య తెచ్చుకున్నాయా?

పచ్చపురుగు

లేదు, దేనికదే సంపాదించుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే దారి కూడా కలిసింది. చెవిలోని రోమకణాలను కదిలించే ప్రెస్టిన్ అనే ప్రోటీన్ ఉంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ వినడానికి దాని జన్యువులో వచ్చిన మార్పులు గబ్బిలాల్లోనూ డాల్ఫిన్లలోనూ ఒకేలా ఉన్నాయని 2010లో కనుక్కున్నారు.

పక్షుల్లో ఆయిల్‌బర్డ్, కొన్ని స్విఫ్ట్‌లెట్లు గుహల్లో దారి కోసం క్లిక్కులు వాడతాయి. మన చెవికి వినపడే శబ్దాలే. కాబట్టి సన్నటి వస్తువులు వాటికి దొరకవు, గోడ తగలకుండా గూటికి చేరడానికి సరిపోతుంది. ఆయిల్‌బర్డ్ చెవులు మూసి చీకట్లో వదిలితే గోడలకు గుద్దుకుందని గ్రిఫిన్ వెనెజువెలాలో 1953లో చూశాడు. ఆసియాలో మెత్తని బొచ్చున్న ఒక రకం చెట్టెలుకలు కూడా ఈ జాబితాలో చేరాయి, 2021లో.

వెన్నెల

ఒక సందేహం. ఇదంతా గబ్బిలానికి ఒక బొమ్మలా కనిపిస్తుందా? మనకు చూపు ఎలాగో అలా?

ధ్వనితరంగం

లోపల ఎలా అనిపిస్తుందో బయటినుంచి కొలవలేం. కానీ ఏం కొలుస్తుందో తెలుసుకునే ఒక చక్కని ప్రయోగం 2021లో వచ్చింది. హీలియం కలిపిన గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది. కుహ్ల్ పిపిస్ట్రెల్ గబ్బిలాలను అందులో ఎగరనిచ్చారు. ప్రతిధ్వని త్వరగా వచ్చేసరికి, దిగాల్సిన దిమ్మె దగ్గరికొచ్చేసిందనుకుని దానికి ముందే దిగబోయాయి. పుట్టినప్పటినుంచీ ఆ గాలిలోనే పెరిగిన పిల్లలూ అలాగే చేశాయి. అంటే ధ్వని వేగం వాటికి పుట్టుకతోనే తెలుసు, నేర్చుకుని సవరించుకునేది కాదు. దూరాన్ని అవి మీటర్లలో కాదు, టైమ్‌లోనే చూస్తున్నాయి.

నా ఉద్దేశంలో బొమ్మ అనుకోవడం కంటే ప్రశ్న అనుకోవడం మేలు. మన కంట్లోకి వెలుతురు తనంతట తను వచ్చి పడుతుంది. గబ్బిలం అడిగితేనే జవాబొస్తుంది. పురుగు ఎక్కడ అని అడగాలంటే ఒక రకం అరుపు, అది రెక్క ఆడిస్తోందా అని అడగాలంటే ఇంకో రకం. ఈ చర్చలో పైన చెప్పినవన్నీ, అరుపు కుదించడం, నెమ్మది చేయడం, డాప్లర్ కోసం దింపడం, అడిగే తీరు మార్చుకోవడమే.

చేతికర్ర

ధ్వనితరంగం గారి మాట నాకు సొంత అనుభవంగా తెలుసు. నాకు చూపు లేదు. నడిచేటప్పుడు నాలుకతో క్లిక్ చేస్తాను.

గోడ ముందు నిలబడితే శబ్దం గట్టిగా, దగ్గరగా వినపడుతుంది. తెరిచిన తలుపు దగ్గర ఆ గట్టిదనం ఒక్కసారిగా పోతుంది. స్తంభం సన్నగా తెలుస్తుంది. తల కాస్త అటూ ఇటూ తిప్పుతూ చేస్తే దాని అంచులు దొరుకుతాయి. చెట్టు, పొద అయితే శబ్దం చెదిరిపోయినట్టు మెత్తగా ఉంటుంది. ఒకే చోట నిలబడి రకరకాలుగా అడగడమే ఇది. కర్ర నేల సంగతి చెప్తుంది, క్లిక్ నడుము పైసంగతి చెప్తుంది. ఒకటి ఉందని ఇంకోటి మానేయకూడదు. గుంతలు, మెట్లు దిగేచోటు క్లిక్‌తో సరిగ్గా తెలియవు.

ఇది అంధులకు మాత్రమే వచ్చే శక్తి అని చాలామంది అనుకుంటారు. కాదు. 1944లో కార్నెల్‌లో చేసిన ప్రయోగాల్లో, కళ్ళకు గంతలు కట్టుకున్న చూపున్నవాళ్ళు కూడా అభ్యాసంతో గోడను గుర్తించారు. అంతకుముందు దీన్ని ముఖానికి తగిలే స్పర్శ అనుకునేవారు. చెవులు మూస్తే పోయింది, అంటే శబ్దమే. 2021లో 21 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకు పది వారాలు నేర్పితే చూపున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ మెరుగయ్యారు. దీన్ని బాగా అలవాటు చేసుకున్న అంధుల మెదడులో, ప్రతిధ్వనులు వింటున్నప్పుడు చూపుకి సంబంధించిన భాగం పనిచేస్తోందని 2011లో స్కానింగుల్లో కనపడింది.

ప్రయత్నించాలనుంటే కళ్ళు మూసుకుని, ముఖం ముందు ఒక పెద్ద పుస్తకం పట్టుకుని ష్‌ష్‌ష్ అంటూ దాన్ని దగ్గరికీ దూరానికీ జరపండి. శబ్దం మారడం వెంటనే వినపడుతుంది. క్లిక్ తర్వాత నేర్చుకోవచ్చు.

వెన్నెల

చేతికర్ర గారూ, పుస్తకంతో చేసి చూశాను. నిజంగానే వినపడింది! దగ్గరికి తెస్తే శబ్దం సన్నబడి బిగుసుకున్నట్టుంది.

ఇంత పక్కాగా పనిచేస్తే మరి గదిలోకొచ్చిన గబ్బిలం తెరిచిన కిటికీ ఉన్నా దొరకనట్టు ఎందుకు గిరగిరా తిరుగుతుంది?

రాత్రిసంచారి

నున్నటి ఉపరితలాలే దానికి పెద్ద చిక్కు. అద్దం, నునుపైన లోహం శబ్దాన్ని వచ్చిన దిక్కుకి పంపవు, ఏటవాలుగా వస్తే అవతలికి తోసేస్తాయి. కాబట్టి పక్కనుంచి వస్తున్న గబ్బిలానికి మూసిన అద్దం నుంచి ప్రతిధ్వని రాదు, తెరిచిన కిటికీ నుంచి కూడా రాదు. రెండూ ఒకటే. 2017లో నున్నటి పలకను నిలువుగా పెట్టి చూస్తే 21 గబ్బిలాల్లో 19 దానికి ఒక్కసారైనా గుద్దుకున్నాయి. అదే పలకను పడుకోబెడితే నీళ్ళనుకుని తాగబోతాయి, అది 2010లో తేలింది. ప్రకృతిలో నున్నగా, అడ్డంగా, పెద్దగా ఉండేది నీటి ఉపరితలం ఒక్కటే కదా. నిలువు అద్దం వాటి లోకంలోకి కొత్తగా వచ్చింది.

గదిలోకి వస్తే లోపలి తలుపులు మూసి, కిటికీలన్నీ పూర్తిగా తెరిచి, లోపలి లైట్లు, ఫ్యాన్ ఆపేసి బయటికి వచ్చేయండి. గుడ్డతో కొట్టి తరమొద్దు, కంగారుపడి ఇంకా గుద్దుకుంటుంది. కాసేపటికి గాలి కదలికను బట్టో, ఎదురుగా తగిలిన దారిని బట్టో బయటపడుతుంది. కిందపడి ఉంటే ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, రేబీస్ ప్రమాదం ఉంది. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.